పొయ్యెక్కిన పచ్చిపులుసు

మొన్న ఒక సాయంత్రం గచ్చిబౌలిలో బైక్ టాక్సీ ఎక్కాను. కొత్తగూడ సిగ్నల్ దగ్గర ఆగాం. నేనెప్పుడూ చేసే పనే చేస్తున్నాను: ముందున్నతని భుజం మీదుగా మెడ సాచి, ఎర్రదీపం పక్కన తగ్గుతున్న అంకెల్ని నోట్లోనే లెక్కపెట్టుకోవడం. నలభై ఎనిమిది, నలభై ఏడు. నేను లెక్కపెడితే అవి త్వరగా తగ్గుతాయని ఎవరూ చెప్పలేదు. ఈ ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ ఈ రోడ్డు మీద ఇలాగే బతుకుతున్నాను.

బండి నడిపే అతను హెల్మెట్ లోపల ఏదో పాడుకుంటున్నాడు.

"నిమ్మలంగా నిమ్మలంగా, నిప్పు జర ఆరనీ
తొందరేమి వచ్చెనమ్మా, తొవ్వ యాడికి పోతదీ..."

అంకెలు తప్పిపోయాయి. "ఆ పాట ఎక్కడిది తమ్ముడూ?" అని అడిగాను.

"మీకు ఎరుక లేదా సార్? పచ్చిపులుసు పాట. ఉద్యమం అప్పటిది. మా బోరబండ ఆయనే కట్టిండు. వంటావార్పుల ఆకలికి ఆగలేక పచ్చిపులుసు గంజు తీసి పొయ్యి మీద పెట్టిండట. అందరు నవ్విండ్రట. గా ముచ్చట మీద తన పాట తనే కట్టుకున్నడు. ఎంత మంచోడుండె సార్. ఇప్పుడు లేడు. పోయిన నెల దవాఖాన్ల పోయిండు."

పచ్చదీపం పడింది. వెనక బళ్ళన్నీ ఒక్కసారిగా హారన్లు మోగించాయి. మామూలుగా ఆ మోతలో నా మోత కూడా ఉంటుంది, కనీసం నాలుకతోనైనా. ఆ రోజు లేదు.

అతను చెప్పిన కథ చాలామంది చెప్పుకుంటారు. అందులో ఒక్క తప్పుంది. ఆ మనిషి జన్మలో దేనికీ ఆగలేకపోవడం అనేది జరగలేదు. పులుసు పొయ్యి మీద పెట్టింది నేను.

ఆయన మా ఆఫీసు క్యాబ్ నడిపేవాడు. అప్పట్లో నేను ప్రగతి నగర్‌లో మరో ముగ్గురితో కలిసి ఒక ఫ్లాట్‌లో ఉండేవాణ్ణి. గోదావరి జిల్లా నుంచి వచ్చి రెండేళ్ళయింది. అదే వీధిలో మా టీమ్ లీడ్ ఉండేది, గుంటూరు వైపు ఆవిడ. పొద్దున్న ఆరున్నరకి మా ఇద్దరినీ ఎక్కించుకుని గచ్చిబౌలిలో దింపడం ఆయన పని. పేరు ట్రిప్ షీట్ పైన రాసి ఉండేది. రోజూ దాని కిందే సంతకం పెట్టాను గాని ఏనాడూ చదవలేదు. అన్నా అంటే పలికేవాడు, అది చాలనుకున్నాను.

పొడుగు మనిషి. భుజాలు కొంచెం ముందుకి వంగి ఉండేవి. మెడలో ఎప్పుడూ ఒక తువ్వాల. కుడిచేతికి రాగి ఉంగరం ఉండేది. దానితో స్టీరింగ్ మీద దరువు వేసేవాడు. కొట్టీ కొట్టీ స్టీరింగ్ మీద ఒకచోట నలుపు పోయి తెల్లగా తేలింది. హారన్ మాత్రం కొట్టేవాడు కాదు.

"కొడితే ముందటి బండి ఎగిరిపోతదా సారు?" అనేవాడు.

క్యాబ్ డ్రైవర్లకి ఒక నియమం ఉండేది. ఇంటి ముందుకొచ్చి మిస్డ్ కాల్ ఇవ్వాలి, ఐదు నిమిషాలు చూడాలి, దిగకపోతే వెళ్ళిపోవాలి. ఆయన ఎవర్నీ వదిలి వెళ్ళేవాడు కాదు. లీడ్ గారు రోజూ ఇరవై నిమిషాలు ఆలస్యం. ఆ ఇరవై నిమిషాలూ ఆయన సీటు వెనక్కి వాల్చి కూనిరాగం తీసేవాడు, నేను వాచీ చూసుకుంటూ కారు చుట్టూ తిరిగేవాణ్ణి.

"సారూ, మీరు గట్ల తిరిగితే కారుకు కండ్లు తిరుగుతయ్. కూసోండ్రి నిమ్మలంగ. ఆఫీసు యాడికి పోతది?"

నిమ్మలం. రోజుకి ఆ మాట ఎన్నిసార్లు అనేవాడో. నాకు ఒళ్ళు మండేది. ఆఫీసు ఎక్కడికీ పోదు, నిజమే. కానీ నా రేటింగ్ పోతుంది, నా ఆన్‌సైట్ పోతుంది. ఇవన్నీ ఈయనకి ఎలా చెప్పడం? నాకు ఆయన పెట్టిన పేరు తొందర సారు. మొహం మీదే పిలిచేవాడు, ఏ మాత్రం వెటకారం లేకుండా, పొడుగు సారు, పొట్టి సారు అన్నట్టు.

పాటలు కట్టేవాడు. ట్రిప్ షీట్ వెనకవైపు పెన్సిల్‌తో రాసేవాడు. ప్రగతి నగర్ చెరువులో ఒంటికాలి మీద నిలబడ్డ కొంగ మీద రెండు లైన్లు, నా మెళ్ళో వేలాడే ఐడీ కార్డు మీద రెండు లైన్లు. అన్నీ సగం పాటలే. సాయంత్రం షీటు ట్రాన్స్‌పోర్ట్ డెస్కులో ఇచ్చెయ్యాలి కాబట్టి పాటలు కూడా దానితోనే పోయేవి.

"రాసిందంతా పోతే ఎలా అన్నా?" అని ఒకసారి అడిగాను.

"మంచిగుంటే నోట్ల ఉంటది సారు. లేకుంటే పోనీ."

నోరు తెరవగానే ఎవరు ఏ వైపు వాళ్ళో తెలిసిపోయే రోజులవి. వారానికో బంద్. బంద్ రోజు సెలవిస్తే శనివారం పని. ఎక్కడైనా ఆపితే ఇంగ్లీషులో మాట్లాడమని మా ఫ్లాట్‌లో వాళ్ళు నాకు సలహా ఇచ్చారు. ఆయన కారు అద్దం మీద 'జై తెలంగాణ' స్టిక్కర్ ఉండేది. కంపెనీ వాళ్ళు తియ్యమంటే తీసి డాష్‌బోర్డ్ లోపల దాచాడు. ఒకరోజు ధైర్యం చేసి అడిగాను, రాష్ట్రం వస్తే మమ్మల్ని పొమ్మంటారా అన్నా అని.

"మిమ్మల్ని పొమ్మంటే పొద్దుగాల ఎవల్ని ఎక్కించుకోవాలె?" అని నవ్వాడు. తర్వాత చాలాసేపు దరువు ఆపేశాడు. "మా ఊర్ల బోరు ఎండితే స్టీరింగ్ పట్టిన సారు. గది నిమ్మలంగ చెప్పే ముచ్చట గాదు. అందుకే చెప్త లేను."

అంతే. ఇంకెప్పుడూ ఆ మాట ఎత్తలేదు. మా మధ్య జరిగిన అసలైన సంభాషణ ఏదైనా ఉంటే అది అదేనని ఇప్పుడనిపిస్తుంది.

వంటావార్పు రోజు సంగతి. రోడ్డుకి అడ్డంగా రాళ్ళ పొయ్యిలు పెట్టి, అక్కడే వండి, అక్కడే కూర్చుని తిని, బళ్ళు కదలకుండా చేసే నిరసన అది. కొత్తగూడ దగ్గర మా కారుని ఆపారు. మెడలో గులాబీ కండువా వేసుకున్న ఒకాయన కిటికీ దగ్గరికి వంగి చాలా మర్యాదగా చెప్పాడు:

"మిమ్మల్ని ఏమనం సారు. బువ్వ తిని పోవాలె. తినకుంట ఒక్క బండి కదలది."

ఆ రోజు తొమ్మిదింటికి క్లయింట్‌కి డెమో. చూపించాల్సింది నేను. ఎనిమిది దాటింది. లీడ్ గారు తలుపు వేసుకుని కారులోనే కూర్చుంది. ఆయన దిగి, డివైడర్ మీద చెట్టు నీడ చూసుకుని, మేనత్త ఇంటికి వచ్చినవాడిలా కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు. నేను పొయ్యిల చుట్టూ తిరగడం మొదలుపెట్టాను.

మూడు పొయ్యిలు. వంట ఒక పెద్దావిడ చేతుల్లో ఉంది, అందరూ పెద్దమ్మా అంటున్నారు. అన్నం దిగింది. పప్పు ఉడుకుతోంది. ఒక పొయ్యి ఖాళీగా మండుతోంది. దాని పక్కనే పెద్ద గంజు నిండా చింతపండు పులుసు, ఉల్లిపాయ ముక్కలు తేలుతూ, చల్లగా కూర్చుని ఉంది. ఎవరికీ పట్టినట్టు లేదు. కబుర్లలో ఉన్నారు. మా ఇంట్లో చింతపండు నీళ్ళు కనిపించాయంటే కాసేపటికి అవి పొయ్యెక్కాల్సిందే. ఇలా అయితే వీళ్ళ వంట పదింటికి కూడా అవదు, మనమే కాస్త చెయ్యి వేద్దాం అనుకున్నాను. గంజు ఎత్తి పొయ్యి మీద పెట్టాను. పెట్టి, రెండు కట్టెలు కూడా ఎగదోశాను.

పచ్చిపులుసు మా వైపు కూడా చేసుకుంటారని తర్వాత మా అమ్మ ఫోన్లో చెప్పి తిట్టింది. పాతికేళ్ళొచ్చినా వంటింటి మొహం చూడనివాడికి ఏ వైపైనా ఒకటే.

పెద్దమ్మ నువ్వుల పొడి గిన్నెతో వచ్చేసరికి పులుసు తెర్లుతోంది.

"ఓరి దేవుడా! పచ్చిపులుసు పొయ్యి మీద ఎవడ్రా పెట్టింది?"

"నేనేనండీ. తొందరగా అవుతుందని..."

ఆ అండీతో చుట్టూ మాటలు ఆగిపోయాయి. గులాబీ కండువా ఆయన దగ్గరికొచ్చాడు.

"ఏ ఊరన్నా మీది?"

"ప్రగతి నగరండీ."

"గది ఇప్పుడు ఉంటున్నది. సొంతూరు?"

ఆయన గొంతులో కోపం లేదేమో, ఉందేమో, ఇప్పుడు చెప్పలేను. కావాలనే వంట పాడుచేశానని ఎవరైనా ఒక్క మాట అంటే చాలు. కారువైపు చూశాను. లీడ్ గారు అద్దాలు పైకెత్తేసింది.

అప్పుడు డివైడర్ మీంచి దరువు వినపడింది. ఆయన ఒక పళ్ళెం బోర్లించి, ఉంగరంతో కొడుతున్నాడు. కూర్చున్నచోటు నుంచి లేవలేదు. గొంతు కూడా పెద్దగా ఎత్తలేదు.

"తొందర సారొచ్చిండమ్మా, తొవ్వల పొయ్యి చూసిండు
పచ్చిపులుసు గంజు తీసి, పొయ్యి మీద పెట్టిండు
నిమ్మలంగా నిమ్మలంగా, నిప్పు జర ఆరనీ
తొందరేమి వచ్చెనమ్మా, తొవ్వ యాడికి పోతదీ"

ముందు నవ్వింది పెద్దమ్మ. గిన్నెలో నువ్వుల పొడి ఒలికిపోయేంతగా నవ్వింది. తర్వాత కండువా ఆయన నవ్వు ఆపుకోవాలని చూసి ఓడిపోయాడు. రెండోసారి పల్లవికి అందరూ అందుకున్నారు. చప్పట్లు కొట్టారు. నా భుజం మీద ఎవరో చెయ్యి వేశారు.

"ఇగ మరిగిందే తిందాం తియ్," అని పెద్దమ్మ నాకే ముందు వడ్డించింది. "తిను బిడ్డా, నువ్వు వండిందే గద." అది చారూ కాదు, పులుసూ కాదు. ఉల్లిపాయలు మెత్తబడి నీళ్ళలో వేలాడాయి. రెండుసార్లు వేయించుకుని తిన్నాను. ప్రాణం అంత తేలికైన రోజు మళ్ళీ రాలేదు.

డెమో మర్నాటికి వాయిదా పడింది. ఆఫీసు ఎక్కడికీ పోలేదు. దిగేటప్పుడు సంతకం పెట్టి షీటు ఇస్తుంటే ఆయన అన్నాడు:

"ఈ ఒక్క షీటు నేను ఉంచుకుంట సారు. పోయిందని చెప్త."

షీటు వెనక పాట మొత్తం రాసి ఉంది. సగం కాదు, నాలుగు చరణాలు.

ఇక్కడితో ఆపేస్తే ఇది ఎంత మంచి జ్ఞాపకమో.

నోట్లో ఉండే పాట కదా, ఉండిపోయింది. డ్రైవర్ల నుంచి సెక్యూరిటీ వాళ్ళకి, వాళ్ళ నుంచి క్యాంటీన్‌కి, క్యాంటీన్ నుంచి మా ఫ్లోర్‌కి ఎక్కింది. తొందర సారు ఎవరో అందరికీ తెలిసిపోయింది. నేను ట్రే పట్టుకుని లైన్లో నిలబడితే వెనక నుంచి ఎవరో "నిమ్మలం, నిమ్మలం" అనేవారు. మీటింగ్‌లో గడువు గురించి మాట్లాడితే మేనేజర్ కూడా ముసిముసిగా నవ్వాడు. నవ్విన వాళ్ళలో అన్ని జిల్లాల వాళ్ళూ ఉన్నారు. అది నాకు కనపడలేదు. లీడ్ గారు రోజూ కారు దిగగానే మొదలుపెట్టేది.

"మనల్నే కదండీ అంటున్నాడు? ఇలా వదిలేస్తే నెత్తికెక్కుతారు. ఒక మెయిల్ పెట్టెయ్యండి."

పెట్టాను. ఒక మీటింగ్‌కి ఐదు నిమిషాల ముందు, నిలబడే టైప్ చేశాను. డ్రైవర్ ఒక ప్రాంతం వాళ్ళని హేళన చేస్తూ పాటలు పాడుతున్నాడని, ఆ కారులో ప్రయాణం మాకు భద్రంగా అనిపించడం లేదని. ఆ రోజుల్లో భద్రత అనే మాట ఎంత బరువైనదో నాకు తెలుసు. నన్ను కాపాడిన పాట మీదే ఆ మాట పెట్టాను. రెండోసారి చదువుకోకుండా పంపేశాను.

మర్నాడు వేరే కారు వచ్చింది.

వారం తర్వాత ఆఫీసు గేటు దగ్గర కనిపించాడు. డ్రైవర్ కార్డు అప్పగించడానికి వచ్చాడట. అదే తువ్వాల, అదే నవ్వు.

"ఎవలో మెయిల్ పెట్టిండ్రట సారు, పాట వింటే భయమైతుందని. మీరు గాదు, నాకు ఎరుకే." అని ఒక్క క్షణం నా మొహంలోకి చూశాడు. "అయినా మీ ముచ్చట గద. నలుగుట్ల మిమ్మల్ని నవ్వులపాలు జేసిన. పాటల కెళ్ళి మిమ్మల్ని తీసేస్త. మాట ఇస్తున్న."

మీరు గాదు, నాకు ఎరుకే. నిజంగా నమ్మి అన్నాడా, నా పరువు కాపాడటానికి అన్నాడా? ఈ ఒక్క ప్రశ్న నన్ను ఎక్కడా స్థిమితంగా కూర్చోనివ్వలేదు. నేనే అన్నా, నేనే పెట్టాను అనడానికి నాకు అక్కడే, అప్పుడే, కావలసినంత టైముంది. నేను వాచీ చూసుకున్నాను. "మీటింగ్ ఉందన్నా," అన్నాను.

"పోండ్రి సారు, పోండ్రి. నిమ్మలంగ పోండ్రి," అన్నాడు.

తర్వాత ఆయన ఆటో నడిపాడని, సభల్లో పాడుతున్నాడని విన్నాను. రాష్ట్రం వచ్చింది. నన్నెవరూ పొమ్మనలేదు. ఆ తర్వాత ఎప్పుడో ఎవరో ఫోన్‌లో ఒక వీడియో పంపారు. చిన్న స్టూడియోలో, తువ్వాల వేసుకుని, కళ్ళు మూసుకుని పాడుతున్నాడు.

"తొందరోణ్ణి నేనొచ్చిన, తొవ్వల పొయ్యి చూసిన
పచ్చిపులుసు గంజు తీసి, పొయ్యి మీద పెట్టిన"

పాట అయ్యాక ఎదురుగా కూర్చున్న అమ్మాయి నవ్వు ఆపుకుంటూ అడిగింది, తెలంగాణల పుట్టి పచ్చిపులుసు మరగబెట్టిండ్రా అన్నా, నిజంగ మీరేనా అని. ఆయన తాపీగా తల ఊపాడు. "ఔ బిడ్డా, నేనే. ఆగలేకపోయిన." వీడియో కింద జనం పకపకా నవ్వుతున్న బొమ్మలు పెట్టారు. నన్ను తీసేస్తానన్నాడు, తీసేశాడు. ఖాళీ అయిన చోట తను నిలబడ్డాడు. వెళ్ళి కలవాలనుకున్నాను. ఈ వారం రిలీజ్ అయిపోనీ, వచ్చే వారం వెళ్దాం అనుకున్నాను. రిలీజులు అవుతూనే ఉన్నాయి.

అందుకే మొన్న కొత్తగూడ సిగ్నల్ దాటాక బండి అతన్ని బోరబండకి తిప్పమన్నాను. రైల్వే స్టేషన్ దగ్గర దిగి, పచ్చిపులుసు పాట ఆయన ఇల్లెక్కడని అడిగితే నలుగురు నాలుగు వైపుల నుంచి ఒకే సందు చూపించారు. ఒక గది ఇల్లు. బయట అరుగు. ఆయన భార్య అరుగు మీద కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది.

"ఎవలు సారు?"

"ఆఫీసు క్యాబ్‌లో వచ్చేవాణ్ణండీ. చాలా ఏళ్ళ కిందట. ప్రగతి నగర్ నుంచి."

ఆమె చేతులు ఆగాయి. నా కాళ్ళవైపు చూసింది. నిలబడినచోటే ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మారుతున్నాను.

"తొందర సారా?"

అవునన్నాను. ఆమె నన్ను అరుగు మీద కూర్చోబెట్టి, లోపలికి వెళ్ళి ఒక ప్లాస్టిక్ కవరు తెచ్చింది. అందులో మడతలు చిరిగిన ట్రిప్ షీటు. ఒకవైపు నా సంతకం, రెండోవైపు పెన్సిల్ పాట.

"ఇంట్ల పాడితే మీరే ఉంటుంటిరి పాటల. బైట పాడితే తనను పెట్టుకుంటుండె. గదేందయ్య అంటే, సారుకు మాటిచ్చిన అనేటోడు." కొంచెం నవ్వింది. "మీ మీద పావురం ఆయనకు. మస్తు ప్రేమ."

ఆ నవ్వు చూశాక దాచుకోవడం నావల్ల కాలేదు. "అమ్మా, ఆయన ఉద్యోగం పోయింది నావల్లే. కంపెనీకి మెయిల్ పెట్టింది నేనే," అన్నాను.

ఆమెకి తెలియదు. మొహంలో కనపడింది.

"కార్లు తగ్గించిండ్రని చెప్పిండు నాకు," అంది. "ఆర్నెల్లు గీ అరుగు మీద కూసున్నడు. పాటలు కట్టుకుంట కొలువు పోగొట్టుకున్నవని నేను తిట్టిన. రోజు తిట్టిన. ఒక్కనాడు మీ పేరు ఎత్తలే."

నేను లేచాను. ఏం చెయ్యాలో తెలియనప్పుడు నాకు లేవడమే వచ్చు.

"కూసో," అంది. అంతవరకూ మీరు అన్నది. "గింత మాట జెప్పి లేస్తవా? కూసో." కూర్చున్నాను. "పచ్చిపులుసు మరగబెట్టినోడని లోకమంత ఆయన్నే నవ్విండ్రు. చెయ్యని తప్పుకు ఆయన ఎందుకుండాలె పాటల?"

"ఉండకూడదమ్మా. ఏం చెయ్యమంటే అది చేస్తాను."

ఆమె చిక్కుడుకాయల చేట ముందుకి లాక్కుంది. "పాడు. ఇయ్యాల నువ్వే పాడు."

నాకు పాడటం రాదు. సందులో మనుషులు తిరుగుతున్నారు. ఎదురింటి గుమ్మంలో ఇద్దరు ఆగి చూస్తున్నారు. షీటు మీద సారొచ్చిండు అని ఉంది. నన్ను నేను సారు అనుకోవడానికి నోరు రాలేదు. ఆయన బయట పాడినట్టే ఎత్తుకున్నాను. తొందరోణ్ణి నేనొచ్చిన. గోదావరి గొంతుతో, శ్రుతి లేకుండా. తొవ్వల పొయ్యి చూసిన. అందులో ఒక్క మాట కూడా మార్చాల్సిన పని లేకపోయింది.

చరణం సగంలో ఆమె చెయ్యెత్తింది.

"ఉరుకుతున్నవ్," అంది.

మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాను.